క్రియ లేని వడ్డన

మా నాన్న పట్టాభిరామయ్య గారికి బెల్లం వ్యాపారంలో ఒక పద్ధతి ఉండేది. బేరం రాని సరుకుని వీధి అరుగు మీదే పెట్టించి, వచ్చేపోయే వాళ్ళందరికీ రుచి చూపించేవారు. ఎవరైనా గట్టిగా కొనేలా ఉన్నారని తెలిసిన మరుక్షణం దాన్ని గిడ్డంగిలోకి లాగించి తాళం వేయించేవారు. "అడిగేవాడొచ్చాడంటే దాని విలువ మనకింకా తెలియలేదన్నమాటరా" అనేవారు నాతో. తాడేపల్లిగూడెం బజారులో ఆయన్ని మించిన వర్తకుడు లేడని ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆయన దగ్గర నేర్చిన విద్యతోనే ఇన్నేళ్ళూ బతికాను. అదే పద్ధతి యాభై అయిదో సంవత్సరం వానాకాలంలో ఆయన మా అక్క మీద కూడా అమలు చేశారు. ఆ వానాకాలంలో మా ఇంటికి ఏం వచ్చిందో, ఏం పోయిందో చెబుతాను.

మా అక్క శ్యామలాదేవి. మా బావ సంసారం వద్దనుకుని ఏదో ఆశ్రమంలో చేరిపోతే, అత్తవారు ఆమెను పెట్టెతో సహా మా గుమ్మంలో దింపి వెళ్ళారు. మా అమ్మ అప్పటికే లేదు. వంట అక్క చేతికి వచ్చింది. నాన్నగారికి కడుపులో పుండు. కారం పడదు, పులుపు పడదు, చల్లారిన అన్నం అసలే పడదు. నా భార్య కాంతం వండితే ఆయన నోటికి ఉప్పెక్కువయ్యేది, అక్క వండితే సరిపోయేది. రెండు పూటలా అక్క పీట వేసి, "నాన్నగారూ, వడ్డించానండి, రండి. నెయ్యి ఇంకొంచెం వెయ్యమంటారా? మజ్జిగ పొయ్యమంటారా?" అని అడిగి అడిగి పెట్టేది. ఆ గొంతు వింటూ తింటేనే అరుగుతుందని ఆయన పదిమందిలో చెప్పుకునేవారు.

అక్క ప్రైవేటుగా మెట్రిక్ కడతానంది. అది గట్టెక్కితే ట్రెయినింగు, ట్రెయినింగు అయితే ఏదో ఒక ఆడపిల్లల బడిలో ఉద్యోగం. "ఎవరి వంటింటికీ భారం కాకుండా బతుకుతానురా" అంది నాతో. నాన్నగారు అభ్యంతరం చెప్పలేదు. అత్తిలిలో ఒక పెళ్ళిలో ఎవరో, "మీ అమ్మాయి సంగతి ఏం చేశారండీ?" అని గుచ్చి అడిగితే, "మెట్రిక్ చదువుతోందండి" అనేశారు. అడిగినవాడు నోరు మూసుకున్నాడు. ఆ మాట అంత బాగా పనిచేస్తుందని ఆయనకి అప్పుడే తెలిసింది. తరవాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఆ మాట రుచి చూపించేవారు. ఆయన ధీమా ఆయనకుంది. తక్కిన సబ్జెక్టులు ఎలా ఉన్నా, ఇంగ్లీషు దగ్గర ఇంట్లో కూర్చుని చదివే ఆడవాళ్ళు ఆగిపోతారని అందరూ అనేవారు.

ఇంగ్లీషు చెప్పడానికి పేటలోని బడి నుంచి ఏలీయా మేష్టారు వచ్చేవారు. కొల్లేటి పక్క మనిషి, క్రైస్తవుడు, పేటలోనే కాపురం. వ్యాకరణం చెప్పడంలో ఆయనకి పేరుంది. నేనిప్పుడు ఆయన్ని 'వచ్చేవారు' అంటున్నాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరూ అలా అనలేదు. "ఏలీయా వచ్చాడు, స్టూలు బయట వెయ్యండి" అనేవాళ్ళం. నాన్నగారు "ఏమోయ్" అనేవారు. స్టూలు వీధి అరుగు మీద, అక్క పీట గుమ్మానికి ఇవతల. మధ్యలో గడప. పుస్తకం చేతికి చేతికి మారేది కాదు. ఆయన గడప మీద పెడితే అక్క తీసుకునేది. అక్క ఒక్కతే, ఎవరూ దగ్గర లేనప్పుడు, గొంతు తగ్గించి "మేష్టారూ" అనేది. అరుగుని ఆనుకునే ఉన్న మా కొట్లో నేను కాటా దగ్గర కూర్చునేవాణ్ణి కనుక నాకు వినబడేది.

అక్క మొదట్లోనే ఒకచోట ఇరుక్కుంది. కర్తని బట్టి క్రియ మారాలన్న పాఠం అది. అన్ని వాక్యాలూ బాగానే రాసేది. వాక్యంలోకి నాన్నగారు వస్తే మాత్రం తప్పేది. ఒకరోజు "మై ఫాదర్ ఆర్ ఇన్ ద షాప్" అని రాసింది. మేష్టారు కాగితం చూసి, నవ్వకుండా అడిగారు.

"అమ్మగారూ, తమరికి నాన్నగార్లు ఎంతమందండీ?"

గిడ్డంగిలో బస్తాలు సర్దుతున్న కూలీలు పకాలుమన్నారు. అక్క ముఖం ఎర్రబడింది.

"అదేం ప్రశ్నండీ? ఒక్కరే."

"ఒక్కరే గదండి. మరి ఆర్ ఎందుకు పెట్టారు?"

"ఈజ్ పెడితే, ఉన్నాడు అన్నట్టు అవదండీ? నాన్నగారిని పట్టుకుని!"

"అవదండి. ఇంగ్లీషు వాళ్ళ క్రియకి తలకాయలు లెక్కపెట్టడం ఒకటే తెలుసు. ఒక తలైతే ఈజ్, ఎక్కువైతే ఆర్. ఆ తల మీద తలపాగా ఉందా, తట్ట ఉందా అన్నది దానికి పట్టదు."

లోపలి నుంచి కాంతం కేకేసింది. "వదినగారూ, జాగ్రత్తండోయ్! ఆ ఈజ్ కాస్తా మావయ్యగారి చెవిన పడిందంటే పుండు రేగిపోతుంది."

అక్క కూడా నవ్వేసింది. కానీ ఆ తప్పు అంత తేలిగ్గా వదల్లేదు. చిన్నప్పుడు ఒకసారి, పరుగెత్తుకొచ్చి "నాన్న వచ్చాడు" అన్నందుకు నాన్నగారి చేతి దెబ్బ తిన్న మనిషి ఆమె. 'మై ఫాదర్' అని రాసి కలం ఎత్తేది, గాలిలో ఆపేది, కళ్ళు మూసుకుని 'ఈజ్' రాసేది. చన్నీళ్ళలో దిగే మనిషిలా ఉండేది ఆ వాలకం.

ఆషాఢం మధ్యకి వచ్చేసరికి చెయ్యి తిరిగింది. ఒకనాడు మేష్టారు మంద గురించి చెబుతున్నారు. "కొల్లేట్లో కొంగలు దిగుతాయి చూడండి. పక్షులు అన్నారా, ఆర్. మంద అన్నారా, ఈజ్. అన్ని రెక్కలున్నా మంద ఒకటే. మా అమ్మ సువార్తమ్మ దోనెలో నిలబడి, వచ్చిందిరా మంద, అంటుంది. వచ్చాయిరా మంద, అనదు గదండీ. అంతే."

అక్క రాసుకుంది. రాసుకున్నాక తలెత్తి అడిగింది. "అయితే మేష్టారూ, ఇంగ్లీషులో మా నాన్నగారికీ మీకూ ఒకటే క్రియా?"

ఆయన కొట్టు వైపు చూశారు. నాన్నగారు బొటనవేలితో ఒక బెల్లం దిమ్మని నొక్కి తేమ చూస్తున్నారు.

"పరీక్ష కాగితం మీద ఒకటేనండి. వీధిలో కాదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

శ్రావణంలో మేష్టారు ఒక పొరపాటు చేశారు. వర్తకుల ఇళ్ళ మర్యాద తెలిసినా వర్తకం తెలియని వాళ్ళు చేసే పొరపాటు అది. పాఠం ముగించి వెళ్ళబోతూ, మెట్టు కింద నిలబడి నాన్నగారితో సంతోషంగా అన్నారు.

"అయ్యగారూ, అమ్మగారు ఈసారి తప్పకుండా గట్టెక్కుతారండి. ఇంగ్లీషు ఇంక ఆపలేదు. ట్రెయినింగు సంగతి ఇప్పట్నించే చూసుకోండి. ఏలూరులో సీటొస్తే హాస్టలు కూడా ఉంటుందండి."

నాన్నగారి వేలు బెల్లం మీద ఆగింది. "హాస్టలా?"

"అవునండి. అక్కడే భోజనం, అక్కడే పడక. ఇంటి ధ్యాస ఉండదు."

"మంచిదోయ్" అన్నారు నాన్నగారు. ఆ మాట అన్న తీరు నాకు తెలుసు. కొనేవాడు దొరికాడని తెలిసినప్పటి గొంతు అది. ఇక సరుకు లోపలికి లాగడమే మిగిలింది.

ఆ పూటే ఆయన నోటికి పప్పులో ఉప్పు తప్పింది. మర్నాడు అన్నం మెత్తనయింది. అంతకుముందు ఎన్నడూ తప్పని చెయ్యి, మేష్టారి మాటతో తప్పడం మొదలుపెట్టింది. నేను అదే పప్పు, అదే అన్నం తింటున్నాను. ఏ తేడా కనబడలేదు. పాఠం వేళకి సరిగ్గా ఆయనకి వాము నీళ్ళు కావలసి వచ్చేవి. అక్క లేచి వెళ్ళి కాచి ఇచ్చి వచ్చేసరికి, మేష్టారు స్టూలు మీద ఒక్కరూ కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవారు. అయినా ఆయన రావడం మానలేదు, అక్క కూర్చోవడం మానలేదు.

వానలు ముదిరాయి. వానాకాలం బెల్లం చెమట పడుతుంది. తాటాకు చాపలు కప్పి, బస్తాలు ఒకదాని కింద ఒకటి మారుస్తూ ఉండాలి. ఆ రోజు అత్తిలి నుంచి చలపతిరావు గారు సరుకు చూడడానికి వచ్చి కొట్లో కూర్చున్నారు. ఆయన మా నాన్నకి స్నేహితుడు, ఊళ్ళన్నీ తిరిగే మనిషి. ఏ ఇంటి మాటైనా సాయంత్రానికి ఇంకో ఊరు చేర్చగలడు. పాఠం నడుస్తుండగా ఉన్నట్టుండి వాన ఈడ్చి కొట్టింది. నేనూ కూలీలూ బస్తాల దగ్గరికి పరిగెత్తాం. అరుగు మీద జల్లు పడుతోంది. మేష్టారు లేచి, పుస్తకాన్ని చొక్కాలో దోపుకుని గోడకి అంటుకుని నిలబడ్డారు. ఆ గోడకి చూరు లేదు.

అప్పుడు అక్క పీట మీద నుంచి లేచింది. గొంతు తగ్గించలేదు.

"మేష్టారూ, తడిసిపోతున్నారు. లోపలికి రండి. ఇలా కూర్చోండి."

తన పీట జరిపి చూపించింది. వాన చప్పుడులో కూడా ఆ మాటలు కొట్లోకి స్పష్టంగా వినిపించాయి. మేష్టారు ఒక్క క్షణం ఆగారు. తరవాత తడి కాలు గడప దాటించారు. ఒక్క కాలే.

చలపతిరావు గారు చుట్ట నోట్లోంచి తీసి అన్నారు. "ఏవండీ పట్టాభిరామయ్య గారూ, మీ ఇంట్లో మేష్టార్లకి మంచి రోజులొచ్చాయే!"

నాన్నగారు కేకలేస్తారనుకున్నాను. బస్తా భుజాన పెట్టుకునే నిలబడిపోయాను. ఆయన కేకలెయ్యలేదు. గద్దె దిగారు, పైపంచె సర్దుకున్నారు, గుమ్మం దాకా వచ్చారు. ఆయన ముఖంలో కోపం లేదు. మంచి బేరం కుదిరినప్పటి నెమ్మది ఉంది.

"ఏలీయా గారూ" అన్నారు.

నా చెవులు నేను నమ్మలేదు. మేష్టారు ఉలిక్కిపడి, గడప లోపలున్న కాలు వెనక్కి తీసుకున్నారు.

"వానలు ముదిరాయండి. మీరు అంత దూరం నుంచి తడుస్తూ రావడం మాకే బాగోలేదు. రేపట్నించి శ్రమపడకండి. అమ్మాయికి మీరు చెప్పవలసిందంతా చెప్పేశారు."

"ఇంకా కొంచెం ఉందండి."

"ఉంటే తనే చూసుకుంటుందండి. మీ రుణం ఉంచుకోం లెండి. ఒరే పద్మనాభం, మేష్టారు గారికి గొడుగిచ్చి పంపు."

నేను గొడుగు తెచ్చాను. మేష్టారు దాన్ని చూశారు, నన్ను చూశారు, గుమ్మంలో నిలబడిన అక్కని మాత్రం చూడలేదు.

"వద్దు బాబుగారూ. తీసుకెళితే తిరిగివ్వడానికి మళ్ళీ రావాలి గదండీ" అని, పుస్తకాన్ని గడప మీద పెట్టి వానలో దిగి వెళ్ళిపోయారు.

నాన్నగారు లోపలికి తిరిగి అక్కతో ఎంతో మామూలుగా అన్నారు. "మజ్జిగ పులిసిందేమో చూడమ్మా." చలపతిరావు గారితో, "చిన్నపిల్లండి, జాలిగుండె" అన్నారు. ఇంటి పరువు కాపాడిన పెద్దమనిషి అనిపించుకున్నారు, కోపిష్టి అనిపించుకోలేదు. ఒక్క 'గారు' ఖర్చుపెట్టి రెండు పనులు చేసుకున్నారు. నేను ఇన్నేళ్ళ వ్యాపారంలో అంత చవగ్గా ఏదీ కొనలేకపోయాను.

ఆ సాయంత్రం అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంది. "చూశావుట్రా, మేష్టారికి గారు పెట్టడం నాన్నగారికి ఇన్నాళ్ళకి వచ్చింది." ఆ గొంతులో ఏడుపు లేదు.

మిగిలిన పాఠాలు తనే చదువుకుంది. మంటకి కట్టె ఎగదోస్తూ చదివింది, వత్తులు చేస్తూ అప్పగించుకుంది. పరీక్ష ఏలూరులో. ముందు రోజే వెళ్ళి బంధువులింట్లో దిగేట్టు నేను ఏర్పాటు చేశాను. ఆ ఉదయం మమ్మల్ని స్టేషనుకి చేర్చడానికి వీరాస్వామి జట్కా గుమ్మం ముందు నిలిపాడు. అక్క కొత్త చీర కట్టుకుని, కలం, సిరాబుడ్డీ గుడ్డలో చుట్టుకుంది.

నాన్నగారు హాల్లో మంచం మీద పడుకుని ఉన్నారు. పొట్ట మీద తడిగుడ్డ.

"ఏమైందండీ?" అన్నాను.

"ఏముంది, పుండు. నాకేం ఫరవాలేదు, మీరు వెళ్ళిరండి. కాంతం ఏదో ఉడకేసి పెడుతుంది. తిని ఏమవుతుందో అదే అవుతుంది."

తెల్లవారగానే ఆయన గిడ్డంగిలో నిలబడి బండి సరుకు దింపించడం నేను చూశాను. ప్రతి దిమ్మా వేలితో నొక్కి చూశారు, కూలీల మీద గట్టిగా అరిచారు. తడిసిన సరుకేదో, తడిపిన సరుకేదో నాకు తెలియకపోతే ఇన్నాళ్ళూ ఆయన కొట్లో నేను కూర్చున్నది దండగే.

"డాక్టర్ని పిలిపిస్తానండి" అన్నాను. "అక్కని మాత్రం తీసుకెళతాను."

"తీసుకెళ్ళు నాయనా. నేను వద్దన్నానా?" ఆయన కళ్ళు మూసుకున్నారు. "కొట్టు తాళాలు ఆ గూట్లో పెట్టి వెళ్ళు."

కొట్టు ఆయన పేరున ఉంది. ఇల్లు ఆయన పేరున ఉంది. కాంతం చంటివాణ్ణి చంకనేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నేను మొలలోంచి తాళాలగుత్తి తీశాను. తీసి చేతిలో పట్టుకున్నాను. గూటి దాకా వెళ్ళేవాణ్ణో కాదో ఇప్పుడు చెబితే ఎవరికి పనికొస్తుంది? అక్క నా చెయ్యి చూసింది, కాంతం చంకలో బిడ్డని చూసింది. నా వేళ్ళు ముడిచి తాళాల మీద మూసింది.

"ఉంచుకోరా" అంది. వీధిలోకి వెళ్ళి, "గుర్రాన్ని విప్పెయ్యి వీరాస్వామీ, ప్రయాణం లేదు" అంది. లోపలికి వచ్చి కొత్త చీర మార్చుకుని పొయ్యి అంటించింది.

మధ్యాహ్నానికి నాన్నగారి పుండు తగ్గింది. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నారు. నేనూ పక్కనే కూర్చున్నాను. అక్క ఆకు వేసింది, నీళ్ళు చల్లింది.

"అన్నం" అంది.

వడ్డించింది. పొగలు కక్కుతోంది. నాన్నగారు చెయ్యి ఎత్తి పట్టుకుని మిగతా మాట కోసం చూశారు. రాలేదు.

"పప్పు."

పప్పు పడింది. ఉప్పు సరిగ్గా ఉంది.

"ఏమిటే, నెయ్యి వెయ్యమంటారా అని అడగవేం?" అన్నారు నవ్వు తెచ్చుకుని.

"నెయ్యి" అంది అక్క. వేసింది. ఎప్పుడూ వేసేటంతే వేసింది.

మొదట నేను కోపమనుకున్నాను, నాలుగు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, పెరగలేదు. నాతో, కాంతంతో, పిల్లవాడితో ఎప్పటిలాగే మాట్లాడేది. ఆయన దగ్గరికి వచ్చేసరికి 'మందు', 'గొడుగు', 'చెప్పులు'. రండి లేదు, తినండి లేదు. ఆయనకి మర్యాద తగ్గించిందని అనడానికి వీల్లేదు, ఇచ్చిందని అనడానికీ వీల్లేదు. తప్పు పట్టుకుందామంటే అందులో పట్టు దొరికేది కాదు. ఒకసారి ఆయన విసిగి, "నోట్లో మాట పూర్తిగా అనలేవూ?" అన్నారు. అక్క మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టి, "నీళ్ళు" అని వెళ్ళిపోయింది. చలపతిరావు గారు భోజనానికి వచ్చినప్పుడు నాన్నగారే ముందుగా సర్ది చెప్పుకునేవారు. "మా అమ్మాయి మితభాషి అండి. చదువుకుంది గదా."

దసరా వెళ్ళాక కొల్లేటి పల్లెల్లో పని పడి వెళ్ళాను. తిరిగి వస్తుంటే గుండుగొలను స్టేషన్లో ఏలీయా మేష్టారు కనిపించారు. పేట బడి వదిలేసి, సొంత ఊరి దగ్గర లంకలో ఏదో బడికి మార్పించుకున్నారట. నేను బెంచీ మీద జరిగి, "రండి మేష్టారు గారూ, కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు.

"ఏలీయా అనే పిలవండి బాబుగారూ. మీ నోట గారు వింటే నాకు గొడుగు గుర్తొస్తుంది" అని నవ్వారు. కాసేపాగి అడిగారు. "అమ్మగారు పరీక్ష బాగా రాశారా అండీ?"

"రాయలేదు."

ఎందుకని అడగలేదు. బండి వచ్చే వైపు చూస్తూ, "రాస్తే గట్టెక్కేవారండి" అన్నారు. ఆ మాట ఒకసారి అన్నందుకే ఇదంతా జరిగిందని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు. చెబితే ఆయన ఒంటికి ఆ బరువు కూడా ఎక్కేది.

నాన్నగారు ఆ తరవాత చాలా ఏళ్ళు బతికారు. చూశారా, నేనింకా 'బతికారు' అనే అంటున్నాను. నాకు వేరే రకంగా అనడం రాదు. కొట్టు నాకే వచ్చింది, ఇల్లు నాకే వచ్చింది. అక్క మళ్ళీ పరీక్ష మాట ఎత్తలేదు. ముసలితనంలో ఆయనకి చెవులు మందగించాయి. అక్క ఆకు ముందు వంగి "అన్నం" అంటే, ఆమె పెదాల వైపే చూస్తూ, ఇంకేదో అని ఉంటుంది, తనకే వినబడలేదేమో అన్నట్టు, "ఆఁ? ఏమన్నావమ్మా?" అని అడిగేవారు.

ఆమె కాస్త గట్టిగా, "అన్నం" అనేది.

ఆయన తలూపి తినేవారు. ఏ ఒక్కపూటా అది చల్లారలేదు. ఏ ఒక్కపూటా ఉప్పు తప్పలేదు.